పాత టర్బో కారుకు రబ్బరు గొట్టమా, సిలికాన్ గొట్టమా?

జయపురం నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే మా పాత డీజిల్ కారు ఆయాసపడింది. బానెట్ ఎత్తి టర్బో యాక్చుయేటర్‌కు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోను వాక్యూమ్‌తో, అంటే గాలి లాగే శక్తితో, అదుపు చేసే భాగానికి) వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని వేలితో వంచాను. చివర సన్నని పగుళ్లు నోరు తెరిచాయి. వాక్యూమ్ అక్కడే జారిపోతుంటే టర్బో ఎలా పనిచేస్తుంది?

రబ్బరు గొట్టం చవక, బిగువుగా పట్టుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చిట్లుతుంది. సిలికాన్ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ తట్టుకుంటుంది. అయితే మెత్తన: గోడ పలచనైతే వాక్యూమ్‌కు లోపలికి అతుక్కుపోతుంది, పదునైన అంచుకు చిరుగుతుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది.

టర్బో పక్కన నా ఓటు మందపాటి సిలికాన్‌కే. నూనె ఆవిరి తగిలే చోట నైట్రైల్ రబ్బరు మేలు. ఏదైనా సరే, లోపలి వ్యాసం పాతదానితో సరిపోవాలి. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేకు బూస్టర్‌కు మాత్రం దానికోసం చేసిన గొట్టమే వేయాలి.