నాన్న చేసిన టేబుల్: 24 ఏళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఈ టేబుల్ మీకు ఎక్కడా దొరకదు. మా నాన్న చేసింది. ఇలాంటిది ఒక్కటే చేశాడు. ఆయన పోయి మూడేళ్లవుతోంది. చెక్క టేబుల్ కొనుక్కునేవాళ్లకు ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా. కూతుర్ని కదా, కాస్త పక్షపాతం ఉంటుంది. అది తీసేసి చదువుకోండి.

టేకు. పలకలు మా ఇంట్లో రెండేళ్లు మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉండేవి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది ఆయన లెక్క. పనిలో ఉన్నంతసేపూ సన్నగా ప్రార్థన పాట పాడుకునేవాడు. చిత్రిక ముందుకు తోసినప్పుడు ఒక ముక్క, వెనక్కి లాగినప్పుడు ఊపిరి. పాట ఆగిందంటే కణుపు తగిలిందని వంటింట్లో ఉన్న అమ్మకి కూడా తెలిసిపోయేది. పలకను తిప్పి అవతలి వైపు నుంచి పట్టేవాడు, పాట మళ్లీ మొదలు.

డెలివరీకి మాత్రం మార్కులు తక్కువే. పరీక్షలకు ముందు ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. వారంలో ఒక రోజు దేవుడికి, మాకు. ఆ రోజు ఉలి ముట్టడు. మిగిలిన ఒక్క పూట పనీ సరిగ్గా ఆ రోజునే వచ్చిపడింది. ఏడ్చి గోల చేసినా పనిముట్ల పెట్టె తెరవలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని చదువుతుంటే, పక్కనే కూర్చుని పద్యాలన్నీ అప్పజెప్పించుకున్నాడు. ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది.

ఇక పనితనం. అతుకుల్లో ఒక్క మేకు లేదు. కాలికి బెజ్జం తొలిచి, అడ్డచెక్క కొసను అందులోకి బిగువుగా దూర్చాడు. టేకులో నూనె ఉంటుంది, జిగురు ఓ పట్టాన పట్టదు. అందుకే అతికేముందు స్పిరిట్ గుడ్డతో తుడిచేవాడు. పైపలకను అసలు అతికించనే లేదు. కింద చిన్న చెక్క బిళ్లలుంటాయి, ఒక కొస పలకకు స్క్రూతో, రెండో కొస చట్రంలోని గాడిలో ఊరికే. వదులుగా ఉన్నాయని ఒకసారి బిగించబోయాను. "వాటి జోలికి పోకు తల్లీ, పలక అడ్డంగా ఉబ్బుతుంది, దానికి చోటుండాలి" అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది: పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి పొడవులో తగ్గేది 0.1, 0.2 శాతమే. అడ్డంగా మాత్రం జాతిని బట్టి కొన్ని శాతాలు తగ్గుతుంది. నేను డబ్బు పోసి కొన్న ఇంకో టేబుల్‌కి పలకను నాలుగు వైపులా జిగురుతో బిగించారు. రెండో ఎండాకాలానికి జానెడు పొడవున చీలింది. కొనేముందు వంగి అడుగున చూడండి, మొహమాటపడకండి.

ఎత్తు పెద్దవాళ్లకు సరిపోయేలా పెట్టాడు. అప్పుడు నా కాళ్లు నేలకి అందేవి కావు. అందుకని కాళ్ల మధ్య ఒక కమ్మీ, దాన్ని పెట్టుకోవడానికి మూడు ఎత్తుల్లో బెజ్జాలు. నేను పెరిగేకొద్దీ కిందికి దించాడు. ఇప్పుడు మా పాప కోసం మళ్లీ పై బెజ్జానికి ఎక్కింది. కమ్మీ మధ్యలో మడమలు ఆనించే చోట చెక్క అరిగి నున్నగా గుంటపడింది. పాప మడమలు ఇంకా ఆ గుంటలో నిలవవు, పక్కకు జారుతుంటాయి.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు సొరుగుకి కోత. ఎండాకాలంలో చేశాడు, వానాకాలంలో బిగుసుకుపోతుంది. కాస్త చిత్రిక పట్టమంటే, "ఇప్పుడు పడితే ఎండలకి లొడలొడలాడుతుంది, కొవ్వొత్తి మైనం రుద్దు చాలు" అనేవాడు. నిజంగానే చాలు. కాకపోతే నాలుగు రోజులుగా ముసురు, సొరుగు రావడం లేదు. కొవ్వొత్తి ముక్క అందులోనే ఉంది.