పాత కారుకి కాంప్రిహెన్సివ్ పాలసీ: యాక్సిడెంట్ అయ్యాక చేతికి వచ్చేదెంత?

ఏడెనిమిదేళ్లు దాటిన కారుకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి బీమా) సరిపోతుందా, ఓన్ డ్యామేజ్ (సొంత బండి దెబ్బలకి బీమా) కూడా కలిపి కాంప్రిహెన్సివ్ కట్టాలా? దీనికి జవాబు బ్రోచర్‌లో ఉండదు, సర్వేయర్ (నష్టాన్ని లెక్కగట్టే వ్యక్తి) వేసే అసెస్‌మెంట్ షీట్‌లో ఉంటుంది. ఏ కంపెనీ దగ్గర కొన్నా మూల షరతులు దాదాపు ఒక్కటే. కాబట్టి ఇది ఫలానా కంపెనీ మీద రివ్యూ కాదు, ఆ పాలసీ మీదే. రిపేరుతో పోయే దెబ్బలకి పనికొస్తుంది. బండి టోటల్ లాస్ (బాగుచేయడం గిట్టని స్థితి) దాకా వెళ్తే మాత్రం, రెన్యువల్ రోజున మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నారో అంతే వస్తుంది.

ముందు రిపేరు సంగతి. ఐదు నుంచి పదేళ్ల మధ్య బండికి లోహపు భాగాల మీద 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం డిప్రిసియేషన్ (పాతబడినందుకు తరుగుదల) కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకి బండి వయసుతో సంబంధం లేదు, సగమే ఇస్తారు. ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం కోత. అద్దాలకి, లేబర్‌కి కోత లేదు. పెయింటింగ్‌లో మెటీరియల్ ఖర్చుకి సగం పోతుంది. బిల్లులో మెటీరియల్ విడిగా చూపకపోతే మొత్తంలో పావు వంతుని మెటీరియల్‌గా లెక్కేస్తారు.

ఎనిమిదేళ్ల కారు ముందు భాగం దెబ్బతిందనుకోండి. బంపర్ 6,000, హెడ్‌ల్యాంప్ 9,000, బానెట్ 8,000, ముందు అద్దం 7,000, పెయింటింగ్ 12,000, లేబర్ 6,000. బిల్లు 48,000. బంపర్‌కి 3,000, ల్యాంప్‌కి 4,500, బానెట్‌కి 4,800, అద్దానికి మొత్తం, పెయింటింగ్‌కి 10,500, లేబర్‌కి మొత్తం ఇస్తారు. అంటే 35,800. అందులోంచి కంపల్సరీ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో యజమాని తప్పక భరించే వాటా) పోతుంది: 1500 సీసీ వరకు 1,000, అంతకు మించితే 2,000. చిన్న కారుకి చేతికొచ్చేది 34,800. ఆయిల్, కూలెంట్, నట్లు, బోల్టులు యాడ్ ఆన్ (అదనపు కవర్) లేకపోతే మీ జేబులోంచే. జీరో డెప్ (డిప్రిసియేషన్ కోత లేకుండా ఇచ్చే యాడ్ ఆన్) తీసుకుందామంటే చాలా కంపెనీలు బండికి ఐదేళ్లు రాగానే ఆపేస్తాయి, కొన్ని ఆ తర్వాత కూడా ఇస్తాయి.

షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ మీకు చెప్పని విషయం ఒకటుంది. బానెట్ మార్చకుండా డెంటింగ్‌తో సాపు చేయగలిగితే ఆ ఖర్చు లేబర్ కిందికి వస్తుంది, కోత పడదు. పాత బండికి 'అన్నీ కొత్తవే వేద్దాం' అనే ఎస్టిమేట్ గ్యారేజీకి లాభం, యజమానికి నష్టం. ఛాసిస్, సస్పెన్షన్, స్టీరింగ్ భాగాల దగ్గర మాత్రం ఈ పొదుపు వద్దు.

గొడవలు ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల. మొదటిది, రేడియేటర్ పగిలినా, ఆయిల్ సంప్ కారుతున్నా ఇంటిదాకా నడుపుకొచ్చేయడం. రిపేరు చేయించకుండా నడిపితే ఆ తర్వాత జరిగిన నష్టం యజమానిదేనని పాలసీలో రాసే ఉంటుంది. ఇంజిన్ సీజ్ అయితే ఆ బిల్లు కొట్టేస్తారు. టోయింగ్‌కి మూల పాలసీ ఇచ్చేది 1,500 వరకే అయినా, టోయింగే చవక. రెండోది, సర్వేయర్ చూడకముందే బండి విప్పడం. బయటి దెబ్బలతో ముందు సర్వే కావాలి. విప్పాక ఏప్రాన్, కండెన్సర్ వంటివి లోపల దెబ్బతిన్నట్టు తేలితే సప్లిమెంటరీ ఎస్టిమేట్ పంపి, ఆయన ఒప్పుకున్నాకే మార్చాలి. తీసిన పాత భాగాల్ని రీ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా పారేయనివ్వకండి.

ఇక టోటల్ లాస్. బండిని తరలించి బాగుచేసే ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అంటారు. ఐడీవీ 2,40,000 అయితే గీత 1,80,000 దగ్గర ఉంటుంది. షోరూమ్ 2,10,000 అని ఎస్టిమేట్ వేయగానే కంపెనీ టోటల్ లాస్ మాట ఎత్తుతుంది. కానీ పాలసీ వాక్యం చెప్పేది 'షరతులకు లోబడి' అయ్యే ఖర్చు గురించి. డిప్రిసియేషన్ తీసేస్తే అదే ఎస్టిమేట్ గీత కిందికి రావచ్చు. ఏ అంకెతో లెక్కేశారో రాతపూర్వకంగా అడగండి. అంతకన్నా ముందు మీకేం కావాలో తేల్చుకోండి. రిపేరైతే అరవై వేలో, అంతకన్నా ఎక్కువో కోతలు మీరే భరించాలి. రెండు లక్షల చిల్లర బండికి అది దండగ కావచ్చు.

'మార్కెట్లో ఇప్పుడు ఈ మోడల్‌కి అంత ధర లేదు, కొంచెం తగ్గించుకోండి' అంటే ఒప్పుకోనక్కర్లేదు. పాలసీలో రాసిన ఐడీవీయే ఆ ఏడాదంతా మార్కెట్ విలువ, మళ్లీ తరుగుదల తీయకూడదు. అందుకే రెన్యువల్ రోజు ముఖ్యం. ఐదేళ్ల దాకా ఐడీవీకి పట్టిక ఉంది, ఆ తర్వాత కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న అంకే. వెబ్‌సైట్‌లో ప్రీమియం తక్కువగా కనబడాలని ఐడీవీని అట్టడుగుకి లాగితే మిగిలేది కొన్ని వందలు.

టోటల్ లాస్‌లో సాధారణంగా తుక్కు విలువ (దెబ్బతిన్న బండిని అమ్మితే వచ్చే ధర) తీసేసి ఇస్తారు. తుక్కుకి 70,000 కొటేషన్ చూపించి ఆ మేరకు తగ్గిస్తారు; తీరా కొనేవాడు వచ్చి 50,000 ఇస్తానంటాడు. కాబట్టి కొటేషన్ ఇచ్చినవాడితోనే కొనిపించమని సెటిల్‌మెంట్‌కి ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆర్‌సీతో అమ్మితే ఫారం 29, 30 మీద పేరు మార్పు పూర్తయ్యేదాకా వదలొద్దు. బండి ఇక పనికిరాదనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలపాలి. లోన్ ఉంటే డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకే వెళ్తుంది.

చిన్న గీతలకి క్లెయిమ్ పెట్టడం తెలివైన పని కాదు, 50 శాతం దాకా పెరిగిన ఎన్‌సీబీ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకి పడిపోతుంది. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ కాని బండికైతే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి కారణం చేతికిచ్చినట్టే.

సర్వీసు విషయానికొస్తే, 2024 ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయర్ రిపోర్టు 15 రోజుల్లో, అది అందాక కంపెనీ నిర్ణయం 7 రోజుల్లో రావాలి. ఆలస్యమైతే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల సైట్ బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టండి. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వెళ్లేముందు సర్వే రిపోర్టు కాపీ కంపెనీ నుంచి తీసుకోండి. ఏ భాగానికి ఎంత కోశారో ఎత్తిచూపడానికి అదే ఆధారం.