విజయనగరంలో పెద్దల షటిల్ బ్యాచ్‌లు: స్థాయిల విభజన ఎలా ఉంది?

విజయనగరంలోని ఒక ప్రైవేటు ఇండోర్ షటిల్ కోర్టువారు ఉదయం వేళ ఆడే పెద్దవారిని ఆట స్థాయిని బట్టి మూడు బ్యాచ్‌లుగా విడదీసి ఆడిస్తున్నారు. అక్కడ కొంతకాలంగా ఆడుతున్నవాడిగా నేను ఈ విభజన గురించే రాస్తున్నాను. నేల, లైట్లు, పార్కింగు వంటివి బాగానే ఉన్నాయి.

మన పట్టణాలలో చాలా కోర్టులలో గెలిచిన జంట ఆడుతూనే ఉంటుంది, ఓడిన జంట బయటికి వస్తుంది. దీనివల్ల సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వారే బల్ల మీద ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుంది, బాగా ఆడేవారికేమో 21 పాయింట్ల గేమ్ చెమట పట్టకముందే ముగిసిపోతుంది. ఆ ఇబ్బంది ఇక్కడ దాదాపుగా లేదు. సిరిమానోత్సవం వారంలో హాజరు పలచబడి బ్యాచ్‌లను కలిపి ఆడించినప్పుడు మాత్రం పాత కథే మళ్ళీ కనిపిస్తుంది.

చేరడానికి వచ్చినవారిని వయసు, అనుభవం అడిగి ఊరుకోకుండా, కోచ్ మాస్టారు తామే ఎదుట నిలబడి కాసేపు ఆడించి చూస్తారు. 13.40 మీటర్ల కోర్టులో వెనుక గీత దగ్గర కొట్టిన కాక్ అవతలి వెనుక గీత దాకా ఎత్తుగా చేరుతోందా, షార్ట్ సర్వీసు నెట్‌ను ఒరుసుకున్నట్టు వెళ్తోందా, కొట్టిన వెంటనే మనిషి కోర్టు నడిమికి తిరిగి వస్తున్నాడా అన్నవి గమనిస్తారు. ఈ పరీక్ష ఈకల కాక్‌తో జరగడం సరైన పని. ఆరుబయట ప్లాస్టిక్ కాక్‌తో ఏళ్ళ తరబడి ఆడినవారికి బలం ఉంటుంది కాని, ఈకల కాక్ వేగంగా బయలుదేరి, త్వరగా నెమ్మదించి, నిటారుగా కిందికి దిగుతుంది కనుక వారి అంచనా తప్పుతుంది.

స్థాయి తేడాను పరువు విషయంగా చూసేవారు మన దగ్గర ఎక్కువ, కాని ఇది దెబ్బలు తగలకుండా చూసుకునే విషయం కూడా. కొత్త ఆటగాడు నెట్ దగ్గర ర్యాకెట్ దించి నిలబడినప్పుడు అవతలినుంచి స్మాష్‌గా, అంటే పైనుంచి కిందికి బలంగా, కొట్టిన కాక్ అతని కంటికే తగలవచ్చు. కెనడా, అమెరికాలలో పెద్దల ఐస్ హాకీ లీగులు ఆటగాళ్ళను ఏ, బి, సి, డి వంటి అంచెలుగా విడదీయడానికీ, చాలా చోట్ల ఒంటితో ఢీకొట్టడాన్ని నిషేధించడానికీ ఇటువంటి జాగ్రత్తే ఒక కారణం. అక్కడా ఆడేవారు తెల్లవారితే ఉద్యోగాలకు వెళ్ళవలసినవారే.

లోపాలు తరువాత మొదలవుతాయి. ఒకసారి బ్యాచ్ నిర్ణయించాక దానిని ఎవరూ తిరిగి చూడరు. అన్నిటికంటే కిందిదైన మూడో బ్యాచ్‌వారికి ప్లాస్టిక్ కాక్ మాత్రమే ఇస్తారు కాబట్టి, రెండో బ్యాచ్‌కు కావలసిన చేతి ఒడుపు వారికి అలవడే దారే లేదు. పైకి వెళ్ళగలిగీ, గెలుపు రుచి మరిగి కింది బ్యాచ్‌లోనే ఉండిపోయిన పెద్దమనుషులు కూడా ఉన్నారు, వారిని కదిలించే ధైర్యం కోచ్‌కు ఉన్నట్టు లేదు. అమెరికా టెన్నిస్ సంఘం ఆటగాళ్ళకు 1.0 నుంచి 7.0 వరకు అరేసి అంకె తేడాతో స్థాయిలు ఇస్తుంది, లీగు మ్యాచుల ఫలితాలను బట్టి వాటిని సవరిస్తుంది. ఇక్కడ స్కోర్లు రోజూ వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉన్నారు, మూడు నెలలకొకసారి వాటిని చూసి సవరించడం పెద్ద పనేమీ కాదు.

జంటల విషయం ఇంకా ముఖ్యం. స్థాయి మనిషికి ఇస్తున్నారు కాని ఆడేది డబుల్స్. ఒక గట్టి ఆటగాడికి ఒక కొత్తవాడిని జతచేస్తే జంట సమతూకంగా ఉంటుందనుకుంటారు. కాని ఎదుటివారు ప్రతి కాక్‌నూ కొత్తవాడికే పంపడంతో గట్టివాడు ఊరికే చూస్తూ నిలబడతాడు. ఒకే బ్యాచ్‌లోనైనా దగ్గరి స్థాయివారిని జతచేసి, తమవంటి జంట మీదనే ఆడిస్తే ఆట నిలుస్తుంది.

ఇన్ని లోపాలున్నా, మధ్యస్థంగా ఆడేవారికి రెండో బ్యాచ్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. బాగా కొత్తవారు మాత్రం పై బ్యాచ్‌కు ఎప్పుడు, ఏ ప్రాతిపదికన మారుస్తారో చేరేముందే మాస్టారుని అడగడం మంచిది. మొదటి రెండు బ్యాచ్‌లలో ఈకల కాక్‌ల ఖర్చు నెల రుసుములో కలవదు, ఆడేవారే పంచుకోవాలి.