ఏడు సీ డేలు, అయిదు అదనపు గంటలు: అట్లాంటిక్ దాటే ఓడలో ఆఖరి వారంపై సమీక్ష

ఎండాకాలమంతా మధ్యధరా సముద్రంలో తిరిగిన క్రూయిజ్ ఓడల్ని అక్టోబరు, నవంబరు నెలల్లో కరీబియన్ వైపు తరలిస్తారు. ఖాళీగా పంపడం దండగ కాబట్టి ఆ ప్రయాణానికీ టికెట్లు అమ్ముతారు. బార్సెలోనాలో ఎక్కితే 13 నుంచి 15 రాత్రుల్లో ఫ్లోరిడాలో దిగొచ్చు. రాత్రికి ఇంత అని లెక్కేస్తే మామూలు క్రూయిజ్ కన్నా చాలాసార్లు చౌకే. అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే మన విజయవాడ, గుంటూరు దంపతులకు నప్పే దారి. షెన్‌జెన్ వీసా, అమెరికా వీసా రెండూ పాస్‌పోర్టులో ఉంటేనే ఓడ ఎక్కనిస్తారు.

రేవులన్నీ మొదటి సగంలోనే అయిపోతాయి. కెనరీ దీవుల్లోని టెనెరిఫే దాటాక ఇక నేల కనబడదు. ఇలా ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే గడిచే రోజును సీ డే అంటారు. అక్కడి నుంచి మయామీకి సుమారు 3,400 నాటికల్ మైళ్లు. 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్ల చొప్పున రాత్రింబవళ్లు పోయినా ఏడు రోజులు పడుతుంది. ఈ సమీక్ష ఆ ఏడు రోజుల గురించే. నాలుగుసార్లు, వేర్వేరు కంపెనీల ఓడల్లో చూసినదాన్ని కలిపి రాస్తున్నాం. విశాఖలో ఎక్కి రెండు మూడు రాత్రులు తిరిగొచ్చే ఓడ అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అందులో విసుగు పుట్టేలోపే రేవు వచ్చేస్తుంది.

మార్కులు: 10కి 7. పోయిన మూడింట్లో రెండు ఆఖరి రోజు ఖాతాలోవే. ఆరు రోజులు కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, ఏడో రోజున బిల్లు, లగేజీ, ఓడ కొట్టు సేల్ అన్నీ ఒకేసారి మీద పడేస్తారు. పెళ్లివారు విడిది ఖాళీ చేస్తున్నట్టు ఉంటుంది. దీనికి ఓడవాళ్లనే అని లాభం లేదు, మనమూ వాయిదా వేస్తాం. పనుల్ని మూడో రోజు నుంచే ఒక్కొక్కటిగా తెముల్చుకుంటూ వస్తే ఏడో రోజు కూడా సీ డేగానే మిగులుతుంది.

ముందు కేబిన్ సంగతి, ఎందుకంటే టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాల్సింది అదొక్కటే. పడమరకు పోయే ఓడకు ఎడమ పక్క దక్షిణం, కుడి పక్క ఉత్తరం. నవంబరులో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఎడమ బాల్కనీకి పొద్దస్తమానం ఎండ, కుడి బాల్కనీకి నీడ. బెజవాడ ఎండలు చూసినవాళ్లు ఎటు తీసుకుంటారో చెప్పక్కర్లేదు. వాంతుల భయం ఉంటే బాల్కనీ మాట మరిచిపోయి ఓడ మధ్యలో, కింది డెక్‌లో కేబిన్ తీసుకోండి. ఊపు అక్కడ అన్నిటికన్నా తక్కువ.

ఈ దక్షిణపు దారి సాధారణంగా నెమ్మదైనదే. ఈశాన్య వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తాయి. దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది: గాలి వేగమూ ఓడ వేగమూ సరిసమానమైన రోజున డెక్ మీద ఆకు కదలదు. నడిసముద్రంలో ఉక్కపోత! పొగగొట్టం పొగ చెదిరిపోకుండా ఓడ మీదే నిలుస్తుంది. ఆ రోజు వెనక డెక్ వదిలేసి ముందు వైపు కూర్చోవాలి. ఉత్తరాన ఎక్కడో రేగిన తుపాను అలలు పక్క నుంచి వచ్చి తగిలినప్పుడు ఓడ అటూ ఇటూ ఒరుగుతుంది. నీళ్లలో పక్కలకు చాచే రెక్కలు ఈ ఒరుగుడును బాగా తగ్గిస్తాయి గానీ, ముందూ వెనకా లేచిపడే ఊపును ఆపలేవు. స్విమ్మింగ్ పూల్ మీద వల కప్పారంటే ఊపు రాబోతోందని అర్థం. మన దగ్గర దొరికే వాంతులాపే మాత్ర అవోమిన్ పనిచేస్తుంది, కాకపోతే ఊపు మొదలవక ముందే వేసుకోవాలి, వేసుకున్నాక మత్తుగా ఉంటుంది. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్నవాళ్లు ఇక్కడే డాక్టర్ని అడిగి బయల్దేరాలి. ఓడ క్లినిక్‌లో చూపించుకుంటే బిల్లు డాలర్లలో వస్తుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం దాని అసలు కాగితాలు దిగకముందే తీసుకోవాలి.

గడియారం. టెనెరిఫే నుంచి ఫ్లోరిడాకు శీతాకాలపు లెక్కలో అయిదు గంటల తేడా. అందుకని ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు, అంటే అయిదు రోజులు 25 గంటలవి. వినడానికి వరమే. నాలుగింటికే లేచే అలవాటున్న పెద్దవాళ్లకు మాత్రం, ఒళ్లు గడియారంతో పాటు జరక్కపోతే, మెలకువ మూడింటికి, ఆపైన రెండింటికి వచ్చేస్తుంది. ఆ వేళ బలవంతంగా పడుకోకుండా డెక్ మీద నడవడం మేలు. డెక్ మొత్తం మీ సొంతమే, ఎన్ని చుట్లు తిరిగితే మైలో పలక మీద రాసి ఉంటుంది. సాయంత్రం వెలుతురులో కూర్చుని నిద్రను ఒక గంట ఆపుకుంటే రెండు మూడు రోజుల్లో దారికి వస్తుంది. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, సమయం దానంతటదే మారే సెట్టింగ్ తీసేసి, చేత్తో మార్చుకోండి. లేకపోతే ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్‌కు తగులుకుని టైమూ తప్పుతుంది, రోమింగ్ బిల్లూ పేలుతుంది. రోజుకొకటి వేసుకునే బీపీ, థైరాయిడ్ మాత్రలకు లేచిన వేళనే పట్టుకుంటే చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ 25 గంటల రోజుల పట్టిక ముందే డాక్టరుకు చూపించాలి.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా జరుగుతూ పోతుంది. మొదటి రోజు ఓడలో మధ్యాహ్నం 12 అయితే విజయవాడలో సాయంత్రం 5:30. చివరికొచ్చేసరికి అదే 12కి ఇక్కడ రాత్రి 10:30. కాబట్టి పలకరింపులన్నీ ఓడ పొద్దుటి పూటకు మార్చుకోవాలి.

ఇక తిండి. ఈ ఏడు రోజులూ మధ్యలో కొత్త సరుకు ఎక్కదు. మొదటి మూడు రోజులు బొప్పాయి, బెర్రీలు, ఆకుకూరలు కళకళలాడతాయి. అయిదో రోజు నుంచి ఆకులు పలచబడి క్యాబేజీ, క్యారెట్ ముందుకొస్తాయి. అరటిపళ్లు మచ్చలు పడతాయి, ఆపిల్, నారింజ మాత్రం చివరి దాకా నిలుస్తాయి. అన్నం విషయంలో ఆశ పెట్టుకోకండి. బాస్మతి, లేదంటే అంటుకోని పొడుగు బియ్యం. సోనా మసూరి మెత్తదనం దొరకదు. చాలా ఓడల వంటగదుల్లో గోవా, ముంబై వైపు వాళ్లు ఉంటారు. డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కు ముందు రాత్రే చెబితే మరుసటి రోజుకు పప్పు, వేడి అన్నం, ఒక వేపుడు ప్రత్యేకంగా చేసి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే బఫేలోని కూరే వేడిచేసి ఇస్తారు. చెప్పేటప్పుడు ‘స్పైసీ’ అనే మాట ఒక్కటే చాలదు. వాళ్లు మిరియాలు పెంచుతారు. ఎండుమిరపకాయ తాలింపు కావాలని విడమరిచి చెప్పాలి. పెరుగు దగ్గర ఒక జాగ్రత్త: వనిల్లా యోగర్ట్ కూడా తెల్లగానే ఉంటుంది. అన్నంలో కలిపే ముందు చెంచాతో రుచి చూడండి, లేకపోతే పెరుగన్నం కాస్తా పాయసం అవుతుంది.

రైస్ కుక్కర్, కెటిల్, నీళ్లు కాచే రాడ్, ఇస్త్రీపెట్టె ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. అన్నీ నిప్పు భయంతోనే. తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదు దాచి, ఆరో రోజున ఎక్కడ తిరిగిస్తారో కనుక్కోండి. ఏడో రాత్రికి అక్కడ కొండవీటి చాంతాడంత లైను. ఇంట్లో చేసిన వంట కూడా ఎక్కనివ్వరు. కంపెనీ సీలు వేసిన కందిపొడి, గోంగూర పచ్చడి ప్యాకెట్లకు ఇబ్బంది రాలేదు. 50 గ్రాముల చిన్న ప్యాకెట్లైతే పూటకొకటి అయిపోతుంది, నూనె కారదు. టీ అంటే గోరువెచ్చని నీళ్లలో ముంచిన సంచి. స్టీలు ఫ్లాస్కు, పాలు కలిపిన ఇన్‌స్టంట్ టీ పొడి తెచ్చుకుంటే బఫేలో వేడినీళ్లు పట్టుకోవచ్చు. పట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఓడల్లో వ్యాపించి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు గుమ్మం దగ్గర చల్లే శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. అది అంటుకుంటే ఆఖరి రెండు మూడు రోజులు కేబిన్‌లోనే బందీ.

ఈ ప్రయాణాలు తరచు కార్తీకమాసంలో పడతాయి. పున్నమి ఘాట్‌లో దీపం వదిలే అలవాటు ఉన్నవాళ్లు ముందే మనసు సరిపెట్టుకోవాలి. ఓడలో వత్తి, అగరుబత్తి, కర్పూరం ఏదీ వెలిగించకూడదు, కేబిన్‌లో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది. బ్యాటరీ దీపం ఒక్కటే దారి. ఉపవాసం ఉండేవాళ్లకు చుక్క పొడిచే వేళ రోజూ మారుతుంది, కేబిన్‌కు వచ్చే దినపత్రికలో సూర్యాస్తమయం చూసుకోండి.

పొద్దుపోవడం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఉపన్యాసాలు బాగుంటాయి, వంటగది చూపించే టూర్ తప్పక చూడాలి, వేలంపాట బొమ్మల జోలికి పోవద్దు. పేకముక్కల గది ఉంటుంది. నలుగురు తెలుగువాళ్లు కలిస్తే పదమూడు ముక్కల రమ్మీకి ఏడు రోజులు చాలవు. రెండో సగంలో నీళ్ల మీద పసుపు చారలుగా సర్గాసమ్ నాచు తేలుతుంది, ఎగిరే చేపలు కింది డెక్ నుంచి కనిపిస్తాయి. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే అద్దం మంచు పడుతుంది. పావుగంట ఆగి తీయాలి.

బట్టలు మూడో రోజునే ఉతకడానికి వేయాలి. తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, చివరి రెండు రోజులు లాండ్రీ తీసుకోరు. చేత్తో ఉతికితే సింథటిక్ బట్ట రాత్రికి ఆరుతుంది, నూలు పంచెకు రెండు రోజులు కావాలి. బాల్కనీలో ఆరేయకూడదు. ఉప్పు అంటుకుని జిగురు పడుతుంది, ఎగిరితే అట్లాంటిక్ పాలే. గోడలు ఉక్కువి కాబట్టి నాలుగు అయస్కాంతపు కొక్కేలు తెచ్చుకుంటే కేబిన్‌లోనే తడి తువ్వాలు వేలాడదీసుకోవచ్చు.

అయిదో రోజు బిల్లు రోజు. సిబ్బంది టిప్పు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఓడలోని మీ ఖర్చు ఖాతాలో దానంతటదే పడుతుంది. ఇద్దరికి 15 రాత్రులకు 480 నుంచి 600 డాలర్లు అవుతుందని బయల్దేరేటప్పుడే లెక్కలో వేసుకోండి. ఆ రోజు మొత్తం ఖాతా చదివి, రెండుసార్లు పడిన కాఫీనో తాగని మినీబార్ నీళ్లసీసానో అప్పుడే సరిచేయించుకోవాలి. ఏడో రోజు గెస్ట్ సర్వీసెస్ దగ్గర గంట నిలబడాలి. టికెట్‌తో పాటు ఇచ్చిన ఆన్‌బోర్డ్ క్రెడిట్, అంటే ఓడలో ఖర్చుకు కంపెనీ ఇచ్చే సొమ్ము, చాలావరకు తిరిగి రాదు, మిగిలితే పోయినట్టే. దాన్ని టిప్పుల కింద సర్దుతారేమో ఆ రోజే అడగండి. ఖాతాకు ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డు కన్నా క్రెడిట్ కార్డు మంచిది. ఓడ ముందుగా కొంత సొమ్ము పట్టి ఉంచుతుంది. అసలు బిల్లు కట్టాక కూడా ఆ పట్టు కొన్ని రోజులు వదలదు. ఫారెక్స్ కార్డులోనైతే మన డబ్బే మనకు అందకుండా ఇరుక్కుంటుంది. క్రెడిట్ కార్డు మీద మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చుకు బ్యాంకు వేసే రుసుము, 2 నుంచి 3.5 శాతం, దానిపై జీఎస్టీ. అది తప్పదు.

ఆరో రోజు రంగుల లగేజీ ట్యాగులు వస్తాయి. రంగూ నంబరూ దిగే వరసను చెబుతాయి. ఏడో రాత్రి పెట్టెలు తలుపు బయట పెడితే తీసుకుపోయి మర్నాడు టెర్మినల్‌లో వరసలో పెడతారు. సొంతంగా మోసుకుని ముందే దిగిపోవచ్చంటారు గానీ, రెండు 23 కిలోల పెట్టెలతో ఆ లిఫ్టుల ముందు పెద్దవాళ్లు పడే అవస్థ చూడలేం. వీల్‌చైర్ కావాలంటే అయిదో రోజే పేరు రాయించాలి. చేతి సంచిలో పాస్‌పోర్టు, మాత్రలు, మర్నాటి బట్టలు, చెప్పులు, చార్జరు, కాగితం మీద రాసిన పిల్లల చిరునామా, ఫోన్ నంబరు. చెప్పులు పెట్టెలో పెట్టేసి తెల్లారి హవాయి స్లిప్పర్లు కూడా లేకుండా నిలబడేవాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు.

దిగాక ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు తీసుకుని ఎన్నాళ్లుంటారని అడుగుతారు. ఐ-94లో, అంటే అమెరికాలోకి వచ్చినట్టు ఉండే రికార్డులో, పడిన తేదీ ఆ తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవాలి, ఉండనిచ్చే గడువు అదే, వీసా మీది తేదీ కాదు. బఫే నుంచి తెచ్చిన ఆపిల్ ఒక్కటైనా సంచిలో ఉండకూడదు. తాజా కరివేపాకు అసలే నిషేధం. లేబుల్ ఉన్న పచ్చళ్లు, పొళ్లు ఉంటే ఉన్నాయని చెప్పేయాలి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా. అక్కడి నుంచి వేరే ఊరికి విమానం ఉంటే మధ్యాహ్నం 1 గంట తర్వాతదే కొనండి. పొగమంచుకో, రేవులో మరో ఓడ ముందున్నందుకో రెండు గంటలు ఆలస్యం కావడం మామూలే.

తిరుగు టికెట్ గన్నవరం దాకా ఒకే పీఎన్ఆర్‌లో కొనడం మరవొద్దు. హైదరాబాద్ నుంచి విడిగా కొంటే ఆ చిన్న విమానంలో మామూలుగా 15 కిలోలే ఉచితం. రెండు పెట్టెలకు అదనపు రుసుము కట్టే బదులు శంషాబాద్ నుంచి కారు మాట్లాడుకుని రోడ్డున వచ్చేయడమే నయం.