సైన్స్ మ్యూజియానికి ఒక్క పూటే ఉంటే: కోల్‌కతానా, బెంగళూరా, విశాఖా?

సంక్రాంతి సెలవుల్లో కోల్‌కతా వెళ్లొచ్చినప్పటి నుంచి ఇంటికొచ్చే చుట్టాలూ, ఆఫీసులో పిల్లలున్నవాళ్లూ అడిగేది ఒకటే. "సైన్స్ సిటీ బావుందా? లేకపోతే పిల్లల్ని బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లడం మేలా?" ఎండాకాలం సెలవులు దగ్గర పడేకొద్దీ ఈ ఫోన్లు ఎక్కువయ్యాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసిపెట్టడం నయం.

ప్రయాణంలో సైన్స్ మ్యూజియానికి మిగిలేది ఒక్క పూట. గుడి, బంధువులు, షాపింగ్, రైలు టైము పోగా అంతే. అందుకే నేను చూసేది ఒక్క విషయం: అక్కడ ఒంటితో తెలుసుకునేది ఏమన్నా ఉందా? గ్రహాల గురించీ డీఎన్‌ఏ గురించీ మంచి వీడియోలు ఫోన్‌లోనే దొరుకుతాయి. గోడల మీది బోర్డులు చదవడానికి ఒక పగలూ రాత్రీ రైల్లో కూర్చోనక్కర్లేదు. నిజం సైజులో ఉన్న వస్తువు కావాలి. దాని లోపలికి దూరి నడిచే వీలుంటే ఇంకా మంచిది. తల వంచితే తప్ప పట్టని చోటు ఎలా ఉంటుందో ఏ స్క్రీనూ చెప్పలేదు. కింద రాసిందంతా ఈ కొలతతోనే. మీ కొలత వేరైతే సమాధానమూ మారుతుంది.

ముందు సైన్స్ సిటీ. 1997 జూలై 1న తెరిచారు. చాలా పెద్దది, పిల్లలకు పండగలా ఉంటుంది. స్పేస్ థియేటర్‌లో తల వెనక్కి వాల్చి గోపురం మీద సినిమా చూడొచ్చు. డైనమోషన్ హాల్లో చుట్టలు తిరిగిన వాలుబాట వెంబడి ప్రయోగాలు పెట్టారు, అవి చేత్తో కదిలించేవే. జీవపరిణామం కథ చెబుతూ చీకట్లో సాగే ప్రయాణం ఉంది, రోప్‌వే ఉంది, బయట పెద్ద పార్కు ఉంది. ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలుంటే, రోజంతా చేతిలో ఉంటే, ఇది తప్పకుండా బావుంటుంది. కానీ ఒక్క పూటంటే మాత్రం దేనికి టికెట్ ఎక్కడ, ఏ షో ఎప్పుడు అని చూసుకోవడంలోనే సగం గడిచిపోతుంది. మేము బయటికొచ్చాక మా అమ్మాయి చెప్పిన మొదటి విషయం రోప్‌వే గురించి. అది తప్పని కాదు. రోప్‌వే కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు కదా అనిపించింది.

సైన్స్ సిటీ ఉన్న రోడ్డు పేరు జె.బి.ఎస్. హాల్డేన్ అవెన్యూ. జన్యుశాస్త్రంలో అంత పేరున్న ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆ వీధి బోర్డు దగ్గర ఆగి ఈ సంగతి పిల్లలకు చెప్పండి.

కోల్‌కతాలో రెండో మ్యూజియం గురించి నన్నెవరూ అడగరు. నేను అసలు చెప్పాలనుకున్నది దాని గురించే. బాలీగంజ్‌లో గురుసదయ్ రోడ్డు మీద బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం ఉంది. బిర్లాలు ఇచ్చిన ఇంట్లో 1959 మే 2న మొదలైంది. బెంగళూరు మ్యూజియం దీని తర్వాతే వచ్చింది, సైన్స్ సిటీ ఇంకా తర్వాతిది. కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న ఈ తరహా మ్యూజియాలకు ఇదే పెద్దక్క. బయటి నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. లోపల నేల కింద ఒక బొగ్గు గని కట్టారు.

నమూనా గనే, నిజంది కాదు. కానీ సైజు నిజంది. ఇరుకు దారులు, నల్లటి గోడలు, కప్పుకు ఆసరాగా నిలబెట్టిన స్తంభాలు, బొగ్గు కోసే యంత్రాలు. వెలుతురు తక్కువ. మేం వెళ్లినప్పుడు మా వెంట మా నాన్న ఉన్నారు. సింగరేణిలో ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరయ్యారు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. తాత 'బాయి పని', అంటే గని పని, చేశాడని పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంది. ఇంట్లో ఆయన పాత టోపీని చూసింది, ఫొటోలు చూసింది. బాయి అంటే మామూలు బావి లాంటి గొయ్యి, అందులోకి దిగి తవ్వుతారు అని అనుకుందట ఇన్నాళ్లూ.

లోపల పది అడుగులు వేశామో లేదో నాన్న ఆగిపోయారు. చెయ్యి పైకెత్తి, వేలి కణుపులతో కప్పును రెండుసార్లు కొట్టి, చెవి అటు పెట్టారు. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. ముప్పై ఏళ్ల అలవాటు. మా అమ్మాయి "ఏంటి తాతా?" అంది.

"బాయిల అడుగువెట్టంగనే మొదలు రూఫ్ సూడాలె బిడ్డా. కట్టెతోని కొడ్తే గట్టిగున్నది గణగణ మోగుతది. ఊడొచ్చేది డొల్ల సప్పుడైతది. ఆ సప్పుడు తెల్వనోడు ఆడ పని చెయ్యద్దు."

మా అమ్మాయి కూడా తన చేత్తో కొట్టి విన్నది. తర్వాత దారంతా ప్రశ్నలే. బొగ్గు మొత్తం తీసేస్తే పైన భూమి కూలదా? అందుకే కదా స్తంభాల్లా బొగ్గునే వదిలేసి, మధ్యలో గదులు గదులుగా తవ్వుకుంటూ పోతారు అని ఆయన. మరి ఆ స్తంభాల్లో బొగ్గు వృథాయేనా? లేదు, చివర్లో వెనక్కి వస్తూ వాటినీ తీస్తారు, తీసినచోట కప్పును కూలనిస్తారు, అదే అన్నిటికన్నా గండమైన పని అని ఆయన. గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? గ్యాస్ ఉందని ఎలా తెలుస్తుంది? మంట రంగునూ ఎత్తునూ బట్టి గ్యాస్ ఎంతుందో చెప్పే సేఫ్టీ ల్యాంపు గురించి ఆయన చెబుతుంటే, పక్కనున్న బెంగాలీ కుటుంబం కూడా ఆగి వింది. భాష రాకపోయినా చేతులను చూసి అర్థం చేసుకున్నారు.

బయటికొచ్చాక నాన్న ఒక లోటు చెప్పారు. "అంత మంచిగనే ఉన్నది గని, ఉక్కపోత లేదు. కాళ్ల కింద నీళ్లు లేవు." ఆ మాట నిజం. ఏ మ్యూజియమూ ఆ వేడినీ ఆ వాసననూ పెట్టలేదు. అయినా, ఇన్నేళ్లూ మాటల్లో చెప్పి అర్థం చేయించలేకపోయింది ఆ అరగంటలో మా అమ్మాయికి తెలిసింది. కొత్తగూడెం, మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లి వైపు కుటుంబాలు కోల్‌కతా వెళ్తే సైన్స్ సిటీ మానుకున్నా ఫర్వాలేదు, దీన్ని మానుకోకండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. మాకు దొరికిన గైడ్ మా నాన్నే. ఒక్క జాగ్రత్త: బయల్దేరే ముందు ఆ రోజు గని తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

ఇక బెంగళూరు. కబ్బన్ పార్కు పక్కనే, కస్తూర్బా రోడ్డు మీద విశ్వేశ్వరయ్య మ్యూజియం. 1962 జూలైలో నెహ్రూ ప్రారంభించారు. విశ్వేశ్వరయ్య గారు ఆ ఏప్రిల్‌లోనే పోయారు. ఆయన పూర్వీకులది మన బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడేందుకు ఆయన ఇచ్చిన సలహాల నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇంజన్లంటే ఇష్టమున్న పిల్లలకు దీన్ని మించింది నేను చూడలేదు. ఆవిరి యంత్రం నుంచి జెట్ ఇంజన్ దాకా అసలువి పెట్టారు, కొన్నిటిని కోసి లోపలిది కనపడేలా ఉంచారు. పిస్టన్ పైకీ కిందికీ ఎలా పోతుందో పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఒక్కసారి చూస్తే చాలు. బయట హెచ్‌ఏఎల్ మారుత్ ఉంది, మన దేశంలోనే రూపొందించి తయారుచేసిన మొదటి జెట్ యుద్ధ విమానం. లోపల రైట్ సోదరుల విమానం నమూనా నిజం సైజులో ఉంది. అంత పెద్ద రెక్కల మధ్య మనిషి బోర్లా పడుకుని నడిపాడంటే మా అమ్మాయి నమ్మలేదు. 1903 డిసెంబర్ 17న అది మొదటిసారి గాల్లో ఉన్నది 12 సెకన్లు, వెళ్లింది 120 అడుగులు. అన్నదమ్ములు సైకిల్ షాపువాళ్లు కాబట్టి ఇంజన్ నుంచి ప్రొపెల్లర్లకు శక్తిని చైన్లతోనే పంపారు. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరగాలని ఒక చైన్‌ను మెలిక వేసి తగిలించారు. ఇలాంటి చిన్న సంగతులు ఇంట్లో చదువుకుని వెళ్తే అక్కడ కళ్లు వాటంతటవే వెతుక్కుంటాయి.

మరి నా కొలతతో బెంగళూరు ఎందుకు మొదటిది కాలేదు? అక్కడ ఎక్కువ భాగం ముందు నిలబడి చూసేదే. లోపలికి దూరేది తక్కువ. అయితే ఒకే మ్యూజియంలో అన్నీ కావాలి, పిల్లలకు ఎనిమిది నుంచి పద్నాలుగేళ్లు, రాత్రి రైలెక్కి పొద్దున దిగాలి అంటే నిస్సంకోచంగా బెంగళూరే. రెండు కోల్‌కతా మ్యూజియాలు కలిపినా అంత చక్కగా కుదురుగా ఉండవు. శని, ఆదివారాలు మాత్రం వద్దు. మామూలు రోజు తలుపులు తెరిచేసరికి ఉండండి. బటన్ దగ్గర క్యూ ఉంటే పిల్లలు నొక్కి వెళ్లిపోతారు, ఏం జరిగిందో చూడరు.

కోల్‌కతా అంత దూరం వెళ్లలేనివాళ్లకు లోపలికి దూరే అనుభవం మన దగ్గరే ఉంది. విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా. దీన్ని సైన్స్ మ్యూజియం అని ఎవరూ అనరు, నేనంటాను. 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన అసలు జలాంతర్గామి ఇది. 2002 నుంచి ఒడ్డున నిలబెట్టి చూపిస్తున్నారు. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కన్నంలోంచి దూరాలి. ఒక గదిలోకి నీళ్లు వస్తే దాన్ని మూసేసి మిగతా వాటిని కాపాడుకోవడానికే ఆ ఏర్పాటు అని అక్కడి గైడ్ చెబుతాడు. వాళ్లు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే, తెలుగులో చెబుతారు. నీళ్లలో ఉన్నప్పుడు బ్యాటరీ, పైకొచ్చినప్పుడు డీజిల్ ఇంజన్‌తో ఆ బ్యాటరీ ఛార్జింగ్. ఎందుకలా అని పిల్లల్ని అడిగి చూడండి, మండడానికి గాలి కావాలన్న పాఠం అక్కడ దానంతటదే వస్తుంది. ఇబ్బంది ఒకటే: జనం ఎక్కువున్న రోజు వెనకవాళ్లు తోస్తుంటే పరుగులా దాటాల్సి వస్తుంది. ఎదురుగానే నేవీ వాడిన టీయూ-142 విమానం కూడా ఉంది, కుర్సురా తర్వాత ఓపిక ఉంటే చూడండి.

మిగతావి క్లుప్తంగా. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ మనవాళ్లంతా చూసిందే. ప్లానెటేరియం కోసం వెళ్లి డైనోసార్ దగ్గర ఐదు నిమిషాలు గడిపి వచ్చేస్తాం. ఆ ఐదు నిమిషాలు అరగంట చేయండి. ఆ కోటాసారస్ పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికింది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట బయటపడితే వాటిని జోడించి నిలబెట్టారు. అదే గోదావరి, ప్రాణహిత లోయలో దొరికిన దాని బంధువు బరపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ఉంది. అది పర్యాటకుల చోటు కాదు, విద్యాసంస్థ. చూడాలనుంటే ముందుగా అనుమతి అడగండి.

తిరుపతిలో అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. దర్శనమయ్యాక సాయంత్రం రైలు దాకా ఖాళీ ఉంటే పిల్లలకు హాయి, దానికోసమే ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు. ముంబయి నెహ్రూ సైన్స్ సెంటర్, ఢిల్లీ నేషనల్ సైన్స్ సెంటర్ మంచివే, ఆ ఊళ్లకు వేరే పని మీద వెళ్తే చూడండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట: షికాగో సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో బొగ్గు గనీ, జర్మన్ జలాంతర్గామీ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఎక్కడికెళ్లినా పనిచేయని బటన్లు కొన్ని తగులుతాయి. ఒక ఊళ్లో మేం చూసిన హాల్లో సగానికి పైగా అట్లాంటివే, పిల్ల ఏడుపు మొహంతో బయటికొచ్చింది. గనిలోనూ జలాంతర్గామిలోనూ ఆ బెంగ లేదు, నొక్కడానికి ఏమీ ఉండదు.

ఈ మే నెలలో మేం మళ్లీ విశాఖ వెళ్తున్నాం. కుర్సురాకు మెట్లెక్కి, లోపల ప్రతి కన్నం దగ్గరా కాలు బాగా పైకెత్తాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది కష్టం, ముందే ఆలోచించుకోండి. నాన్న తను బీచ్‌లో కూర్చుంటానన్నారు. మా అమ్మాయి మాత్రం ఆయన్ను వదిలేలా లేదు, అక్కడ రూఫ్ కొట్టి చూస్తే ఎట్లా మోగుతుందో ఆయనే చెప్పాలట.