హన్మకొండ నయీంనగర్ ఇంట్లో వైఫై 6 రౌటర్: రెండేళ్లు వాడాక నా అనుభవం

పొద్దున ఏడింటికి మా అత్తమ్మ వెనక వాకిట్లో తులసి గద్దె దగ్గర కూర్చొని డాలస్‌లో ఉన్న మా ఆడబిడ్డతో వీడియో కాల్ మాట్లాడుతుంది. అప్పటికే మరిది మేడ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంటాడు, ఇంటర్ చదివే మా పాప ఆన్‌లైన్‌లో మాక్ టెస్టు రాస్తుంటుంది, మామయ్య టీవీలో వార్తలు పెడతారు. ఎనిమిది మందిమి, రెండంతస్తుల ఇల్లు. ఫోన్లు, టీవీలు, కెమెరాలు అన్నీ లెక్కపెడితే ఇరవై రెండు తేలాయి. 2023 దసరా ముందు దాకా ఈ బరువంతా నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన చిన్న పెట్టె మీదే ఉండేది. "వదినా, నెట్ మళ్ళ పోయింది!" అని మేడ మీది నుంచి మరిది కేక వేయని రోజు లేదు.

తప్పు ఆ పెట్టెదొక్కదానిదే కాదు. నయీంనగర్ అంటేనే కాలేజీలు, హాస్టళ్లు. చుట్టూ ఉన్న వైఫైలను చూపించే అనలైజర్ యాప్ ఫోన్‌లో పెట్టి చూస్తే మా హాల్లో నిలబడ్డ చోటే 34 వైఫై పేర్లు కనిపించాయి. వైఫై నడిచే రేడియో బ్యాండ్లలో మా పాత పెట్టెకు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వచ్చు. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా నడిచే చానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల వాళ్లందరూ ఆ మూడింట్లోనే తోసుకుంటుంటే ఎంత పెద్ద ప్లాన్ కట్టినా లాభం ఉండదు. చానళ్లు ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలనుకున్నది అందుకే.

5,200 రూపాయలు పెట్టి ఏఎక్స్3000 రకం వైఫై 6 (పాతదాని తర్వాతి తరం వైఫై) రౌటర్ తీసుకున్నాను. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒక తీరే ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు పక్కన పెడుతున్నా. పెట్టె మీది 3000 చూసి మోసపోవద్దు. అది 2.4లో 574, 5లో 2402 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) కలిపి పైకి సర్దిన లెక్క. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పులో, దాన్ని పట్టగల ఫోన్‌కే. మా ఇంట్లో ఒక్క ఫోన్ కూడా అట్లాంటిది కాదు. వెడల్పు 80కి తగ్గించి పెట్టాను, నిలకడగా నడుస్తోంది.

వైఫై 6తో నాకు నిజంగా కలిసొచ్చింది వేగం కాదు, పంపకం. పాత పద్ధతి కాజీపేట నుంచి హన్మకొండకు మనిషికో ఆటో కట్టినట్టు: ఒకరు దిగాకే ఇంకొకరు ఎక్కాలి. ఇది షేర్ ఆటో. ఒకే ట్రిప్పులో నలుగురి డేటా కలిసి పోతుంది. ఫోన్ కూడా వైఫై 6ది అయితేనే ఆ సీటు దొరుకుతుంది, పాత ఫోన్లకు పాత వరసే. అయినా మరిది మీటింగ్‌లో గొంతు తెగిపోవడం మొదటి వారంలోనే ఆగింది.

కానీ స్పీడ్ మాత్రం 94 దాటేది కాదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ కడుతున్నాం. రౌటర్ పోర్టులు గిగాబిట్‌వి, నెట్ వాళ్లు మార్చి ఇచ్చిన ఫైబర్ పెట్టె కూడా గిగాబిట్‌దే. ఫోన్ చేస్తే "రౌటర్ మంచిది కాదు మేడం" అన్నారు. పది రోజులు నేనూ అదే నమ్మి, వాపసు ఇద్దామనుకున్నా. ఒక ఆదివారం ఆ రెండింటి మధ్య ఉన్న కేబుల్ పీకి, దాని జాక్‌ను కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే ఉన్నాయి. నీలం, గోధుమ రంగు తీగలను మొదట్లోనే కత్తిరించేశారు. నాలుగు తీగలతో 100 దాకానే పోతుంది, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఎనిమిది తీగలూ ఉన్న రెడీమేడ్ క్యాట్ 6 కేబుల్ ముక్క ఒకటి తెచ్చి పెట్టగానే 196 వచ్చింది. రౌటర్ మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు ఆ జాక్ చూడండి, దయచేసి.

మేడ సంగతి వేరు. కింద ముందు గది గోడలు పాతకాలపు రాతివి, పైన స్లాబ్. 5 గిగాహెర్ట్జ్ అవి దాటి పోలేదు. ముందు ఒక రిపీటర్ కొని డబ్బు దండగ చేశాను: అందుకున్న రేడియోతోనే మళ్లీ పంపాలి కాబట్టి స్పీడ్ సగం అయింది. చివరికి బయటి గోడ వెంట పైపులో క్యాట్ 6 వైరు లాగి, పైన ఒక మామూలు రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా పెట్టాం. హాలు టీవీకి కూడా వైరే ఇచ్చాం, గాలిలో ఆ మేరకు జాగా మిగిలింది.

మొదటి ఎండాకాలం భయపెట్టింది. రౌటర్‌ను సజ్జ మీద పెట్టాం. మే నెలలో బయట 44 డిగ్రీలు, సజ్జ మీద స్లాబ్ సెగ. మధ్యాహ్నం దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. గోడకు ఛాతీ ఎత్తులో, బీరువాకు దూరంగా బిగించాక ఆ బాధ లేదు. ఇంకొకటి కరెంటు. ఇన్వర్టర్ ఉన్నా అది అందుకునే క్షణంలోనే రౌటర్ ఆరిపోయి, తేరుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాం. మొదట తెచ్చింది రెండు ఆంపియర్లది, ఫైబర్ పెట్టెకూ రౌటర్‌కూ కలిపి చాలలేదు. మూడు ఆంపియర్లదానితో సరిపోయింది. కోతులు ఫైబర్ వైరు కొరికితే మాత్రం ఏ రౌటరూ ఏమీ చేయలేదు. ఏడాదిలో రెండుసార్లు కొరికాయి.

నచ్చనివీ ఉన్నాయి. పిల్లల టైం కట్టడి చేసే సదుపాయంలో సగానికి నెలనెలా డబ్బు అడుగుతుంది. రెండేళ్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మూడుసార్లే వచ్చింది, నాకు ఇది పెద్ద లోటే. వైఫై పాస్‌వర్డ్‌కు కొత్త భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 పెడితే పాత ప్రింటర్, గేటు కెమెరా కలవలేదు. వాటికోసం 2.4కు వేరే పేరు పెట్టి పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 ఉంచాను.

తులసి గద్దె దగ్గరికి 5 గిగాహెర్ట్జ్ ఇప్పటికీ అందదు. అత్తమ్మ ఫోన్‌లో ఆ 2.4 పేరు ఒక్కటే ఉంచి, రెండోది తీసేశాను. అక్కడ రెండు గీతలే వస్తాయి. డాలస్‌లో మనవడి మొహం ఆగకుండా కనిపించడానికి ఆ రెండు సరిపోతున్నాయి.