యూట్యూబ్ పిచ్చికి కీప్యాడ్ ఫోను పనిచేస్తదా? కొని వాడుతున్న మనిషి రివ్యూ

రేటింగ్ ముందుగాలనే చెప్పేస్తున్న. మాట్లాడే ఫోనుగా చూస్తే ఐదుకు నాలుగు, ఫోన్ పిచ్చి తగ్గించే మందుగా చూస్తే ఐదుకు మూడు. కంపెనీ పేరు రాస్తలేను, రాస్తే పైసలు తీస్కొని రాసిండు అంటరు, అదీగాక ఈ ధరల దొరికే కీప్యాడ్ ఫోన్లు అన్నీ ఇంచుమించు ఒక్క తీర్గనే ఉంటయి, మీద స్టిక్కరే తేడా. నల్లగొండ ప్రకాశం బజార్ల ఒక మొబైల్ షాపుల తీస్కున్న. షాపాయన నన్ను కిందిమీద చూసి "ఎవరికి సార్, ఊర్ల పెద్దవ్వకా" అన్నడు. నాకే అంటే నవ్విండు, నవ్వనీ.

ఎందుకు కొన్ననో చెప్పాలె గదా. నేను సర్కారు నౌకరి చేసి దిగిపోయిన మనిషిని. 2021ల మన తెలంగాణల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచినంక మూడేండ్లు రిటైర్మెంట్లు ఆగినయ్ కదా, 2024 మార్చి నుంచి మళ్ల మొదలైనయ్, ఆ లైన్ల దిగినోళ్లల్ల నేను ఒకన్ని. ఆఫీసుల ఉన్నప్పుడు ఫోను చూసే టైమే ఉండకపోయేది, ఇప్పుడు టైం తప్ప ఏం లేదు. కొడుకు హైదరాబాద్ల, బిడ్డ అమెరికాల, ఇంట్ల నేను, మా ఇంటామె. పొద్దుగాల ఆరింటికి కరెంట్ అఫైర్స్ చూద్దామని యూట్యూబ్ తెరిస్తే రాజకీయం డిబేట్, దాని కింద షుగరుకు మెంతులు, దాని కింద మోకాళ్ల నొప్పికి ఏదో ఆకు, దాని కింద ఈ వారం రాశిఫలాలు, గిట్ల పోతనే ఉంటది, ఒకటి అయిపోంగనే ఇంకోటి దానంతట అదే మొదలైతది, మనం ఏం ఒత్తుడు కూడా అక్కర లేదు. 2016ల జియో రాకముందు ఒక జీబీ డేటా ఏస్తే నెలంతా దాస్కొని వాడుకునేటోళ్లం, ఇప్పుడు దినాం వచ్చే డేటా రాత్రి పన్నెండింటికి మురిగిపోతదేమో అని చూసేటోళ్లం అయినం.

ఇది నా ఒక్కని సంగతి కాదు. ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌కు పొద్దుగాల పోయి చూడుండ్రి, మా ఈడోళ్లు వాకింగ్ అని వస్తరు, రెండు రౌండ్లు కొట్టి కూసుంటరు, ఇగ అందరి తలకాయలు కిందికే. ఎవరన్న మాట్లాడితే కూడా "ఇగో ఇది చూడు సారూ" అని ఫోను మూతి ముంగట పెడతరు. పిలగాండ్లు ఫోన్ చూస్తే తిట్టేటోళ్లు ఉంటరు, అరవై దాటినోన్ని ఎవరు తిడతరు? మా మనుమరాలు మాత్రం వీడియో కాల్ల "తాతా నీ స్క్రీన్ టైం ఎంత" అని అడిగింది. దానికి వాళ్ల అమ్మ గంటలు లెక్క పెట్టి ఇస్తదట.

ఇప్పుడు ఫోను సంగతి. బటన్లు పెద్దగ ఉన్నయి, అంకెలు అద్దాలు లేకుండనే కనపడతయి. నంబర్ ఒత్తితే గట్టిగ చదువుతది, అది ముందుగాల్నే ఆపిచ్చుకున్న, లేకపోతే బస్టాండ్ల అందరికి మన నంబర్ చెప్పినట్టే. సౌండ్ మస్తు. రింగ్ అయితే పక్కింటోళ్లు కూడా వాళ్ల ఫోన్లు తడుముకుంటరు. బ్యాటరీ సంగతి చెప్పాలె అంటే ఛార్జర్ ఎక్కడ పెట్టిన్నో మర్చిపోతున్న, అంత లేటుగ దిగుతది. మెమరీ కార్డు 32 జీబీ దాక పడతది, షాపుల పాత పాటలు, ఒగ్గు కథలు ఎక్కిచ్చి ఇచ్చిండు. కెమెరా ఉంది అని డబ్బా మీద రాసి ఉంటది, దాంతోని ఫోటో తీస్తే మనిషి ఏందో మర్రిచెట్టు ఏందో తెల్వదు.

కానీ ఈ ఫోను ఎందుకు పనికొచ్చిందో అసలు ముచ్చట వేరే ఉంది, ఇది షాపుల ఎవరు చెప్పరు. నేను స్మార్ట్ ఫోను ఎప్పుడెప్పుడు చేతుల పట్టుకుంటున్ననో జర గమనించిన. యూట్యూబ్ చూద్దాం అని పట్టుకునేది తక్కువ. టైం ఎంత అయింది అని పడ్తా. రాత్రి బాత్రూంకు పోవాలె, లైట్ ఏస్తే ఆమెకు నిద్ర చెడ్తది, టార్చ్ కోసం పడ్తా. అలారం బంద్ చెయ్యనీకె పడ్తా. ఎవరన్న ఫోన్ చేసిండ్రా అని పడ్తా. ఈ పనులన్నీ అర నిమిషం పనులు. కానీ ఫోను చేతికి వచ్చినంక పైన ఏదో ఒక మెసేజ్ కనపడతది, అది ఒత్తుతా, దాంట్ల వీడియో ఉంటది, తెల్లారి మూడింటికి టైం చూద్దామని పట్టుకున్న ఫోను పాలాయన వచ్చేదాక చేతులనే ఉంటది. వయసు పెరిగిన కొద్ది నిద్ర పల్చబడతది, రాత్రి మధ్యల మెలకువ వస్తది, అది అందరికి ఉండేదే. మెలకువ వచ్చినంక చేతికి ఏం దొరుకుతది అన్నదే లెక్క.

కీప్యాడ్ ఫోను ఈ చిన్నచిన్న పనులన్నీ లాగేసుకున్నది. దిండు కింద ఇదే ఉంటది. టైం చూస్తా, దాంట్ల టైం తప్ప ఇంకేం ఉండదు, మళ్ల పెట్టేస్తా. టార్చ్ నెత్తి మీదనే ఉంది, ఒక బటన్ నొక్కిపడితే ఎలుగుతది, కరెంట్ పోయినప్పుడు స్మార్ట్ ఫోన్ లైట్ కన్న ఇదే నయం. అలారం గట్టిగ మోగుతది, బంద్ చేస్తే బందే. ఈ ఒక్క కారణానికే నేను మూడు స్టార్లు ఇస్తున్న. ఎవరన్న నన్ను ఏం చెయ్యాలె అని అడిగితే, వేరే ఏం చెయ్యకున్న సరే స్మార్ట్ ఫోను పండుకునే అర్రలకెళ్లి బయటికి తియ్యుండ్రి, కీప్యాడ్ కొనకపోయినా గోడకు గడియారం ఒకటి, చేతికి టార్చ్ లైట్ ఒకటి పెట్టుకోండ్రి అని చెప్తా, అది ఇంకా చీప్.

స్మార్ట్ ఫోను పారెయ్యలే, అది కుదరదు కూడా. బ్యాంకు, గ్యాస్ బుకింగ్, బిడ్డతోని వీడియో కాల్, అన్నీ దాంట్లనే. దాన్ని హాల్ల స్టూల్ మీద పెట్టిన, వెనకట ల్యాండ్ లైన్ ఉండే జాగల్నే. పాత నంబర్ దాంట్లనే ఉన్నది. కీప్యాడ్‌ల కొత్త సిమ్ ఏసి, పాత నంబర్‌కు వచ్చే కాల్ ఎత్తకపోతే దీనికి మళ్లేటట్టు కాల్ ఫార్వర్డింగ్ పెట్టిచ్చిన. మా కొడుకు వచ్చినప్పుడు సెట్టింగ్స్‌ల పోయి చేసిండు. ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త, ఎవడన్న ఫోన్ చేసి ఈ కోడ్ కొట్టుండ్రి సార్ అంటే మాత్రం కొట్టొద్దు, మన కాల్స్ వాని నంబర్‌కు మళ్లిచ్చుకునే మోసం గట్లనే నడుస్తది. ఫార్వర్డింగ్‌ల ఒక చికాకు ఏందంటే ముందు ఇంట్ల ఫోను మోగి మోగి తర్వాత నా దానికి వస్తది, అందాక ఆగలేనోళ్లు పెట్టేస్తరు. మా తోడల్లుడు "నీకు ఫోన్ చేసుడు అంటే ఎండాకాలంల సాగర్ బస్ కోసం నిలబడ్డట్టే ఉంది బావా" అన్నడు. ఇంకోటి, కాల్స్ మళ్లుతయి గాని మెసేజ్‌లు మళ్లవు, ఓటీపీలు అన్నీ ఇంట్ల ఫోనుకే పోతయి. బయట ఉన్నప్పుడు ఓటీపీ అడిగితే ఏం చెయ్యలేం. మా ఇంటామె దీన్ని మైనస్ అంటది, నేను ప్లస్ అంట. బజార్ల నిలబడి ఎవనికో ఓటీపీ చెప్పే ముచ్చటే లేదు.

పైసలు కట్టుడు దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది, దాచేది లేదు. కూరగాయల బండి కాడ కూడ స్కానర్ ఉంటది, చిల్లర ఎవ్వరి దగ్గర ఉండదు, నేను నోటు తీస్తే మొఖం మాడ్చుకుంటరు. కీప్యాడ్ ఫోన్లకు కూడా యూపీఐ ఉన్నది, 2022ల యూపీఐ 123 పే అని తెచ్చిండ్రు, అంతకన్న ముందు నుంచి స్టార్ 99 హ్యాష్ అని కోడ్ కొట్టి పైసలు పంపే పద్ధతి ఉన్నది, ఇంటర్నెట్ లేకున్న నడుస్తది. కానీ బ్యాంకుల ఇచ్చిన నంబర్ ఆ ఫోన్లనే ఉండాలె, నాది ఇంట్ల ఫోన్ల ఉంది. అందుకని జేబుల మళ్ల నోట్లు పెట్టుకుంటున్న. చిల్లర ఖర్చులు తగ్గినయి, అది ఫోను గొప్ప కాదు, నోటు ఇయ్యాలంటే చెయ్యి రాదు, గంతే.

లొకేషన్ పంపుడు కూడా బంద్. హైదరాబాద్ నుంచి చుట్టాలు ఛాయా సోమేశ్వరాలయం చూస్తమని వచ్చిండ్రు, నేను పానగల్ల ఉదయ సముద్రం కట్ట మీద వాకింగ్ల ఉన్న, లొకేషన్ పెట్టు అంటరు, యాడికెళ్లి పెట్టాలె? క్లాక్ టవర్ కాడికెళ్లి పానగల్ రోడ్డు పట్టుకోండ్రి, గుడి పేరు చెప్తే ఎవరైనా చూపిస్తరు అని చెప్పిన, మంచిగనే వచ్చిండ్రు. గుళ్లె లింగం వెనక పడే నీడ పొద్దంతా కదలదు కదా, దాని ముంగట నిలబడి వాళ్లు రీల్స్ తీస్తుంటే నన్ను కూడా తియ్యుమన్నరు, నా ఫోన్ చూపిచ్చిన, ఇగ అడగలె.

ఇప్పుడు ఎక్కడ ఫెయిల్ అయిందో చెప్తా. ఇంట్ల ఉన్నంత సేపు దీనికి ఏం బలం లేదు. టీవీల యూట్యూబ్ ఉన్నది, స్టూల్ మీద ఫోను ఉన్నది. మధ్యాహ్నం అన్నం తిన్నంక మూడు నుంచి ఐదు దాక, ఎండకు బయటికి పోలేం, మా ఇంటామె సీరియల్ పెట్టుకుంటది, ఆ టైంల నేను స్టూల్ దగ్గరికి పోతున్న, దాస్తే దాగదు. కాకపోతే నిలబడి చూస్తున్న, కాళ్లు గుంజితే పెట్టేస్తున్న. మా కొడుకు ఇంకో పని చేసి పోయిండు, యూట్యూబ్ల వాచ్ హిస్టరీ మొత్తం తుడిచేసి బంద్ పెట్టిండు, దాంతోని తెరవంగనే కనపడే వీడియోల వరస పోయి ఖాళీగ వస్తది, ఏం కావాల్నో మనమే వెతుక్కోవాలె. ఇది 2023 నుంచి ఉన్న సౌకర్యమే, ఫ్రీ. ఏం వెతకాల్నో తోచక వారం దినాలు బిక్కమొఖం ఏసిన. కీప్యాడ్ కన్న ఈ ఒక్క సెట్టింగే ఎక్కువ పని చేసిందేమో అని డౌటు, అందుకే ఫోనుకు మూడు దాటి ఇస్తలేను.

టైమర్లు, లాకులు నాకు పడలె. ఆండ్రాయిడ్ల 2018 నుంచే ఏ యాప్ ఎన్ని గంటలు చూసిండ్రో లెక్క చూపిస్తది, మనం పెట్టుకున్న టైం కంటే ఎక్కువ చూస్తే ఆపేటట్టు కూడా పెట్టుకోవచ్చు. కానీ తాళం ఏసేది మనమే, చెవి మన బొడ్లనే, ఐదు నిమిషాలు అని తీస్తం. అదీగాక బిడ్డతోని మాట్లాడిన గంట, గ్రూపుల గుడ్ మార్నింగ్ ఫోటోలు చూసిన గంట వాట్సాప్ కింద ఒక్క లెక్కలనే పడతయి. నాకు మొదటి గంట కావాలె, రెండోది వద్దు. ముసలోళ్లకు స్క్రీన్ టైం తగ్గియ్యాలె అని మాట్లాడే పిల్లలు ఇది కూడ జర ఆలోచన చెయ్యాలె, వాళ్లు వేరే దేశంల ఉండి ఫోన్ తక్కువ చూడు నాయిన అంటే ఎట్ల?

ఎవరు కొనొచ్చు అంటే, బయట తిరిగే అలవాటు ఉన్నోళ్లు, పొలం కాడికి పోయేటోళ్లు, గుళ్లె, గ్రంథాలయంల కూసునేటోళ్లు కొనుండ్రి, వాళ్లకు మంచిగ పని చేస్తది. వీడియో కాల్ ఉండదు కాబట్టి పోలీస్ డ్రెస్ ఏసుకొని డిజిటల్ అరెస్ట్ అని బెదిరిచ్చేటోడు దీంట్ల మొఖం చూపియ్యలేడు, ఒట్టి మాటలతోని బెదిరిస్తే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యుండ్రి. ఒంటరిగ ఉండేటోళ్లకు, మోకాళ్లు లేక ఇంట్లనే ఉండేటోళ్లకు మాత్రం నేను చెప్ప, వాళ్లకు ఆ స్మార్ట్ ఫోనే మనిషి తోడు, అది గుంజుకొని ఈ డబ్బా ఇస్తే పాపం తగుల్తది.

కొనేటప్పుడు చూడాల్సినవి. జియో సిమ్ ఏస్తరంటే 4జీ కీప్యాడ్ తీస్కోవాలె, 2జీ దాంట్ల అది అసలు పట్టదు, షాపోళ్లు అడగకపోతే చెప్పరు. 4జీ దాంట్ల ఇంకో తిరకాసు, కొన్నిట్ల యూట్యూబ్ షార్ట్స్ కూడా వస్తున్నయి ఇప్పుడు, గీ మాత్రం దానికి కీప్యాడ్ ఎందుకు, కాబట్టి మెనూ మొత్తం తిప్పి చూసి తీస్కోండ్రి. డేటా ప్యాక్ అక్కర లేదు, 2024 డిసెంబర్ల ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ట్రాయ్ చెప్పినంక ఒట్టి మాటలకు, మెసేజ్‌లకే ప్యాక్‌లు పెట్టిండ్రు, అది అడిగి ఏపిచ్చుకోండ్రి, లేకపోతే అలవాటు కొద్ది డేటాదే ఏస్తరు. మెసేజ్ టైప్ చేసుడు మాత్రం నరకం, ఎస్ అక్షరం రావాలంటే ఏడు మీద నాలుగు సార్లు ఒత్తాలె, నేను "సరే" అని పంపుడు బంద్ చేసి డైరెక్ట్ ఫోనే చేస్తున్న. తెలుగు మెసేజ్ వస్తే నా దాంట్ల డబ్బాలు డబ్బాలుగ కనపడతది. ఛార్జర్ పిన్ను టైప్ సి ఉన్నది దొరికితే అదే తీస్కోండ్రి, ఇంట్ల ఉన్న ఛార్జరే సరిపోతది, నాది పాత పిన్ను. డబ్బులు ఇచ్చే ముందు షాపులనే సిమ్ ఏసి ఇంటికి ఒక కాల్ చేసి చూడుండ్రి, గరగర వస్తే అక్కడనే మార్పిచ్చుకోవచ్చు, బిల్లు మీద వారంటీ ముద్ర కొట్టిచ్చుకునుడు మర్వకుండ్రి.